వీధి వంటకు పేరుంది, వండే మనిషికి చోటుందా?

(పట్టణాల్లో చిరు వ్యాపారం చేసుకునే స్త్రీల మధ్య పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ ఈ సమావేశంలో తోపుడు బండ్ల గురించి, మార్కెట్ గేటు ముందు గంప పెట్టుకుని కూర్చునే స్త్రీల గురించి, మునిసిపాలిటీ లారీ వచ్చి తక్కెడా బాట్లూ ఎత్తుకుపోవడం గురించి మాట్లాడుకుంటున్నాం. ఈ మధ్యలో నేను లేచి, మలేషియాలో ఒక ఊరి వీధుల్లో తింటూ తిరిగిన సంగతి చెబుతానంటే కొంత విడ్డూరంగానే ఉంటుంది. అయినా చెబుతాను. వీధిలో వండి అమ్మే మనిషికి సమాజం ఏమిస్తోంది, ఏమివ్వడం లేదు అన్నది నాకు ఆ నడకలో చాలా స్పష్టంగా కనబడింది.

ఆ ఊరి పేరు జార్జ్‌టౌన్. పినాంగ్ ద్వీపంలో ఉంది. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ అక్కడ రేవు ఏర్పాటు చేశాక నలుదిక్కుల నుంచీ జనం వచ్చి చేరారు. మలయులు, దక్షిణ చైనా నుంచి వచ్చిన హొక్కియెన్లు, టియోచ్యూలు, కాంటనీయులు, తమిళ ముస్లింలు, తమిళ హిందువులు, అరబ్బులు, ఆర్మీనియన్లు, సయామీలు అందరూ కలిసి పెంచిన ఊరది. సెయింట్ జార్జ్ చర్చి, కువాన్ యిన్ అమ్మవారి గుడి, మహామారియమ్మన్ కోవెల, కపితాన్ కెలింగ్ మసీదు - ఇవన్నీ కాసేపు నడిస్తే చూసేయవచ్చు. 2008లో యునెస్కో ఈ ఊరినీ, మలక్కానూ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇన్ని జాతుల, మతాల వాళ్ళు కలిసి బతుకుతున్న సజీవ సంస్కృతి ఆ గుర్తింపుకు ఒక ముఖ్య కారణం.

ఈ ఊళ్లో పర్యాటకుల కోసం తిండి నడకలు నడుపుతుంటారు. తలకింత అని డబ్బు కడితే ఒక గైడ్ పది పన్నెండు మందిని వెంటబెట్టుకుని మూడు నాలుగు గంటలపాటు సందుల్లో తిప్పుతారు. ఆగిన చోటల్లా కొంచెం కొంచెం తినిపిస్తారు. ఆ వంట ఎక్కడి నుంచి వచ్చిందో, అందులో ఏమేం వేస్తారో చెబుతారు. మాకు గైడ్‌గా వచ్చింది ఒక అమ్మాయి. చక్కగా చెప్పింది. ఆ పిల్ల చెప్పిన వాటిలో అబద్ధం ఏదీ లేదు. కానీ ఆ నడకలో చెప్పకుండా మిగిలిపోయేవి చాలా ఉన్నాయి. అది ఆ అమ్మాయి తప్పు కూడా కాదు. పర్యాటకులు ఏది వినడానికి డబ్బు కడతారో దాన్ని చెప్పడమే గైడ్ పని. ఇన్ని నడకలకు ఇంత అని సంపాదించుకునే ఆ అమ్మాయి కూడా అసంఘటిత రంగంలోని శ్రామిక స్త్రీయే.

కావడి అన్నం, కెలింగ్ మసీదు

నడక చౌరస్తా బజారు దగ్గర మొదలైంది. ఈ పేరు వినగానే మన వాళ్ళకు నవ్వొస్తుంది. అవును, అది మన చౌరస్తాయే. ఆ వీధుల్లో హిందుస్తానీ మాట్లాడిన జనం ఉండేవారనడానికి ఆ పేరే సాక్ష్యం. అక్కడ జాజికాయ కండను పంచదారలోనూ, ఉప్పులోనూ ఊరబెట్టి అమ్ముతారు. మనకు జాజికాయంటే గింజే తెలుసు. దానిపైన ఉండే కండ తినవచ్చని అక్కడే చూశాను.

ఆ తర్వాత నాసి కందర్. నాసి అంటే అన్నం. కందర్ అంటే కావడి. తమిళ ముస్లిం మగవాళ్ళు భుజాన కావడి వేసుకుని, ఒక పక్క అన్నం, ఒక పక్క కూరలు పెట్టుకుని రేవు కూలీల దగ్గరకు వెళ్లి అమ్మేవారు. ఇప్పుడు కావళ్ళు లేవు, పేరు మిగిలింది. పెద్ద పెద్ద హోటళ్ళు ఆ పేరుతో నడుస్తున్నాయి. చార్ క్వే టియో అనే మరో వంట ఉంది. బియ్యప్పిండితో చేసిన వెడల్పాటి నూడుల్స్‌ని పంది కొవ్వులో, గుల్లలూ రొయ్యలూ గుడ్డూ వేసి, మండే మంట మీద బాణలిలో వేయిస్తారు. పగలు చేపలు పట్టి, గుల్లలు ఏరుకునేవాళ్ళు సాయంత్రం పూట నాలుగు డబ్బుల కోసం అమ్మిన తిండి ఇది. కూలి జనానికి కడుపు నిండాలి, ఒంట్లో సత్తువ ఉండాలి, ధర తక్కువ ఉండాలి. ఈ మూడు అవసరాల నుంచి పుట్టిన వంటలివి. ఇవాళ పర్యాటకులు ఫొటోలు తీసుకుంటున్న రుచుల మూలం పేదల ఆకలి.

మసీదు పేరులోని కెలింగ్ అన్న మాట గురించి కూడా చెప్పాలి. అది మన కళింగ నుంచి వచ్చిందంటారు. ఒకప్పుడు తూర్పు తీరం నుంచి వచ్చిన వాళ్ళందరినీ ఆ పేరుతో పిలిచేవారు. ఇవాళ మలేషియాలో ఒక భారతీయుణ్ణి ముఖం మీద ఆ మాట అంటే తిట్టు కింద లెక్క. మసీదు పేరుగా గౌరవం, మనిషిని పిలిస్తే అవమానం! వంట విషయంలోనూ ఇలాంటిదే జరుగుతోంది. వంటను పొగుడుతారు, అది తెచ్చిన మనిషిని దూరం పెడతారు.

న్యోన్యా వంటలో స్త్రీలు

మూడో చోట మాకు న్యోన్యా పిండివంటలు పెట్టారు. చాలా కాలం కిందట వచ్చి స్థిరపడిన చైనా వ్యాపారులకూ, స్థానిక స్త్రీలకూ పుట్టిన సంతతిని పెరనకాన్లంటారు. వాళ్ళలో మగవాళ్ళను బాబాలనీ, ఆడవాళ్ళను న్యోన్యాలనీ పిలుస్తారు. ఆ సమాజపు వంటను న్యోన్యా వంట అనే పిలుస్తారు. ప్రపంచంలో స్త్రీల పేరు మీద నిలిచిన వంటలు ఎన్ని ఉన్నాయి? వినడానికి గొప్పగా ఉంది. కానీ ఆ పేరు ఎందుకు వచ్చింది? కలిగిన ఇళ్ళలో ఆడపిల్లకు బయటి ప్రపంచం నిషిద్ధం. ఈడొచ్చిన దగ్గర్నుంచీ వంటా, పూసల కుట్టూ, ఇంటి నాలుగ్గోడలూ. గంటల తరబడి మసాలా నూరడం, కొబ్బరిపాలు తీయడం, బియ్యప్పిండిని పొరలు పొరలుగా ఆవిరి పట్టడం - ఇంత ఓపిక ఆ వంటల్లో ఉందంటే, అంత చాకిరీ ఆ స్త్రీల చేత చేయించారని అర్థం.

తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. 1941 నుంచి 1945 దాకా జపాన్ ఆక్రమణ వచ్చింది. ఎన్నో ఇళ్ళు చితికిపోయాయి. గడప దాటకూడదన్న స్త్రీలు ఇంట్లో పిండివంటలు చేసి, వేరే వాళ్ళ చేత వీధుల్లో అమ్మించి సంసారాలు నెట్టుకొచ్చారు. వంట మారలేదు, వండే చేయి మారలేదు. ఇంట్లో ఉన్నంతకాలం విలువ కట్టని పని వీధిలోకి రాగానే నాలుగు డబ్బులు తెచ్చింది. మన ఊళ్ళల్లో పచ్చళ్ళు పెట్టి, అప్పడాలు చేసి అమ్ముకునే స్త్రీలకు ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 చివర్లో మిషెలిన్ సంస్థ పినాంగ్‌లో మొదటిసారి నక్షత్రాలు ఇచ్చినప్పుడు, న్యోన్యా వంట వండే ఒక పెద్దావిడ హోటలుకు ఒక నక్షత్రం దక్కింది. సంతోషించాల్సిందే. ఒక్కరికి వచ్చిన గౌరవం మిగతా వేలమందికి ఏ భద్రతా ఇవ్వదన్నది కూడా మరచిపోకూడదు.

బాణలి దగ్గర ఎవరు, తొట్టి దగ్గర ఎవరు?

కార్యకర్తలకు ఒక అలవాటుంటుంది. ఎక్కడికి వెళ్లినా వెనక్కి తొంగి చూస్తాం. నేను చూసిన కొట్లలో ముందు, మంట దగ్గర, జనం ఫొటోలు తీసే చోట ఎక్కువగా మగవాళ్ళే ఉన్నారు. వెనక రొయ్యలు ఒలిచేది, ఉల్లిపాయలు తరిగేది, పళ్ళాలు కడిగేది ఎక్కువగా స్త్రీలు. ఆ స్త్రీలలో కొందరు కుటుంబ సభ్యులు, అంటే జీతం లేనివాళ్ళు. కొందరు పరదేశం నుంచి వచ్చిన కూలీలు. ఇండొనేషియా, మయన్మార్, బంగ్లాదేశ్, నేపాల్ నుంచి లక్షలాదిమంది మలేషియాకు పనికోసం వస్తారు.

2016 నుంచి పినాంగ్ రాష్ట్ర ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. పేరున్న స్థానిక వంటకాలను వీధి కొట్లలో విదేశీయులు ప్రధాన వంటవాళ్ళుగా వండకూడదు. పళ్ళాలు కడగవచ్చు, అందించవచ్చు, బల్లలు తుడవవచ్చు. పెనం దగ్గర మాత్రం నిలబడకూడదు. వారసత్వ రుచి చెడిపోతుందన్నది వాళ్ళు చెప్పిన కారణం. ఒక్కసారి ఆలోచించండి. ఆ వంటలన్నీ ఒకనాటి వలస కూలీలు తెచ్చినవే. కావడి మోసినవాడు పరదేశీ, బాణలి తిప్పినవాడు పరదేశీ. ఆనాటి వలసవాళ్ళ వంట ఇవాళ వారసత్వం అయింది. ఈనాటి వలసవాళ్ళు ఆ వారసత్వానికి ప్రమాదం అయ్యారు. స్థానిక చిరు వ్యాపారుల భయాలు నాకు అర్థమవుతాయి. ఉపాధి పోతుందన్న ఆందోళన నిజమైనదే. కానీ అందరికంటే తక్కువ కూలికి ఎక్కువ గంటలు పనిచేసే మనిషిని తొట్టి దగ్గరికి నెట్టడం వల్ల ఎవరి హక్కూ పెరగలేదు.

ఈ సందర్భంలో ఐరీన్ ఫెర్నాండెజ్‌ను గుర్తు చేసుకోవాలి. కౌలాలంపూర్‌లో 1991లో మొదలైన తెనగనీత అనే సంస్థకు ఆమె నాయకత్వం వహించింది. నిర్బంధ శిబిరాల్లో వలస కార్మికులను ఎలా హింసిస్తున్నారో 1995లో ఒక నివేదికగా బయటపెట్టింది. అబద్ధపు వార్తలు ప్రచురించిందని 1996లో ఆమె మీద కేసు పెట్టారు. విచారణ ఏళ్ళ తరబడి సాగింది. 2003లో ఏడాది జైలు శిక్ష వేశారు. చివరకు 2008లో ఆమె నిర్దోషి అని కోర్టు తేల్చింది. 2014లో ఆమె కన్నుమూసింది. భారతీయ వలస కుటుంబంలో పుట్టిన స్త్రీ, తర్వాతి కాలపు వలసవాళ్ళ పక్షాన నిలబడి పన్నెండేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగింది. ఏ తిండి నడకలోనూ ఆమె పేరు వినబడదు.

మన తెలుగువాళ్ళు కూడా ఈ చరిత్రలో ఉన్నారు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి కంగాణీల వెంట మలయా తోటలకు వెళ్లిన కుటుంబాల సంతతి ఇవాళ్టికీ మలేషియాలో ఉంది. 1920ల చివర్లో తోట కూలీలకు నిర్ణయించిన రోజు కూలి మగవాడికి 50 సెంట్లు, స్త్రీకి 40 సెంట్లు. తోటలో పని ముగించి ఇంటికొచ్చి మళ్ళీ వంట చేసింది ఆ 40 సెంట్ల మనిషే.

ఇల్లు పోతే కొట్టు పోతుంది

నడకలో పాత ఇళ్ళను కూడా చూపిస్తారు. కింద కొట్టు, పైన కాపురం. వరండాలో వంట. 1966 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉన్నంతకాలం పేద కుటుంబాలు ఊరి నడిబొడ్డున తక్కువ అద్దెకు ఉండగలిగాయి. 2000 జనవరి 1 నుంచి ఆ చట్టం రద్దయింది. అద్దెలు పెరిగి ఎందరో ఖాళీ చేసి వెళ్లిపోయారు. తర్వాత వారసత్వ గుర్తింపు వచ్చింది. పాత ఇళ్ళు ఒక్కొక్కటీ పర్యాటకుల హోటళ్ళుగా, కాఫీ దుకాణాలుగా మారాయి. ఇది స్త్రీల సమస్య ఎందుకంటే, కొట్టు కిందా ఇల్లు పైనా ఉన్నప్పుడు ఆమె పిల్లవాణ్ణి ఉయ్యాల్లో వేసి వచ్చి పెనం దగ్గర నిలబడగలదు. ఇల్లు పది మైళ్ళ దూరం పోయిందా, తెల్లవారుజామున బస్సెక్కాలి, రాత్రి చీకట్లో తిరిగి వెళ్ళాలి, పిల్లల్ని ఎవరికో అప్పగించాలి. చాలామంది స్త్రీల వ్యాపారం అక్కడితో ఆగిపోతుంది.

చుట్టుపక్కల దేశాల్లో రెండు దారులు కనిపిస్తాయి. సింగపూర్ 1968-69లో వీధి వ్యాపారుల్ని లెక్కించి పేర్లు నమోదు చేసింది. 1986 నాటికి అందర్నీ ప్రభుత్వం కట్టిన ఆహార కేంద్రాల్లోకి మార్చింది. నీళ్ళు, మురుగు కాలువ, కప్పు, మరుగుదొడ్డి వచ్చాయి. ఇది చిన్న విషయం కాదు. రోజంతా నీళ్ళు తాగకుండా కూర్చునే మన స్త్రీలను అడగండి, మరుగుదొడ్డి విలువ చెబుతారు. కానీ తమకు నచ్చిన వీధిలో, తమకు తెలిసిన గిరాకీ మధ్య బతికే స్వేచ్ఛ పోయింది. 2020లో యునెస్కో ఆ ఆహార కేంద్రాల సంస్కృతికి గుర్తింపు ఇచ్చింది. బ్యాంకాక్‌లో వేరే కథ. అక్కడ వీధి వంట అమ్మేవాళ్ళలో స్త్రీలే ఎక్కువ. 2014లో సైన్యం అధికారం చేపట్టాక ఫుట్‌పాత్‌లు శుభ్రం చేస్తామంటూ ఎన్నో చోట్ల వాళ్ళను ఖాళీ చేయించారు. ప్రపంచమంతా ఆ నగరపు వీధి తిండిని మెచ్చుకుంటున్న రోజుల్లోనే ఇది జరిగింది. పేరు ప్రతిష్ఠలు ఒక్క బండిని కూడా కాపాడలేకపోయాయి.

దయ వేరు, హక్కు వేరు

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 2019లో హైదరాబాద్‌ను యునెస్కో సృజనాత్మక నగరాల్లో ఆహారానికి పేరున్న నగరంగా గుర్తించింది. పాతబస్తీలో తిండి నడకలు మనకూ ఉన్నాయి. 2024 జనవరిలో హైదరాబాద్ హైటెక్ సిటీ వైపు రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒక మహిళ బండిని ట్రాఫిక్ పేరుతో పోలీసులు ఆపించారు. ఆమె అప్పటికే వీడియోల వల్ల పేరు పొందిన మనిషి. గొడవ పెద్దదైంది. ముఖ్యమంత్రి జోక్యం చేసుకున్నాక ఆమెకు అదే చోట వ్యాపారం చేసుకునే వీలు కలిగింది. మంచిదే. కానీ పేరు లేని వాళ్ళ సంగతి ఏమిటి? వీడియో తీసేవాళ్ళు లేని వీధిలో ఇడ్లీ బండి పెట్టుకున్న ఒంటరి స్త్రీ ఏ ముఖ్యమంత్రి దాకా వెళ్లగలదు? పై నుంచి దయ కలిగితే మిగిలే చోటు, ఆ దయ పోయిన రోజు పోతుంది.

హక్కుగా చోటు అడగడానికి మనకు ఆధారం ఉంది. వీధి వ్యాపారం రాజ్యాంగంలోని 19(1)(జి) కింద వృత్తి, వ్యాపారం చేసుకునే హక్కులో భాగమని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1972లో మొదలైన సేవా లాంటి స్త్రీల సంఘాలు, వీధి వ్యాపారుల సంఘాలు దశాబ్దాలు పోరాడాక 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాన్ని మన కార్యకర్త ప్రతి ఒక్కరూ నోటికి నేర్చుకోవాలి. సర్వే పూర్తయి ధృవపత్రాలు ఇచ్చేవరకు ఎవర్నీ తీసేయకూడదు. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. స్వాధీనం చేసుకున్న సరుకు పాడైపోయేదైతే, అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి. మిగతా సరుకు రెండు పనిదినాల్లో ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తక్కువ కాకుండా వ్యాపారుల ప్రతినిధులుండాలి. వాళ్ళలో మూడో వంతు స్త్రీలుండాలి. 2020లో పది వేల రూపాయల అప్పుతో మొదలైన రుణ పథకం గురించి అందరికీ తెలుసు. ఈ కమిటీ గురించి ఎంతమందికి తెలుసు? అప్పు ఇచ్చి చోటు ఇవ్వకపోతే, ఆ అప్పు తీర్చేదెలా?

అందుచేత నాదొక ప్రతిపాదన. మీ మీ పట్టణాల్లో మీరే ఒక నడక పెట్టండి. తినండి, డబ్బులిచ్చి తినండి. తింటూ ఈ ప్రశ్నలు అడగండి.

ధృవపత్రం ఎవరి పేరున ఉంది? పొద్దుటి నుంచి రాత్రి దాకా పనిచేసే ఆమె పేరునా, సాయంత్రం వచ్చి గల్లా చూసుకునే మొగుడి పేరునా? సర్వే జరిగినప్పుడు ఆమెను లెక్కలో వేసుకున్నారా, సహాయకురాలని వదిలేశారా?

ఆమె నీళ్ళు ఎక్కడ పట్టుకుంటుంది? మరుగుదొడ్డికి ఎక్కడికి వెళ్తుంది? ఆ సేపు బండి ఎవరు చూస్తారు? పసిబిడ్డ ఎక్కడ పడుకుంటుంది?

రోజుకు వచ్చినదాంట్లో డైలీ ఫైనాన్స్ వాడికెంత, మామూళ్ళకెంత, ఆమె చేతిలో మిగిలేదెంత? దాన్ని ఖర్చుపెట్టే అధికారం ఎవరిది?

బండి వెనక పళ్ళాలు కడిగే మనిషి ఎవరు? ఏ ఊరు నుంచి వచ్చింది, ఏ కులం, కూలి ఎంత? మన సంఘంలో ఆమెకు సభ్యత్వం ఉందా? ఈ ప్రశ్న మనకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. బండి యజమానురాలు మన సభ్యురాలైతే, ఆమె దగ్గర పనిచేసే స్త్రీ కూలి గురించి మనం తరచూ మౌనంగా ఉంటాం. పినాంగ్‌లో తొట్టి దగ్గరి స్త్రీ కనబడినప్పుడు మన తొట్టి దగ్గరి స్త్రీ కూడా కనబడాలి.

ఈ వివరాలన్నీ వీధి పేరుతో సహా రాసుకోండి. ఒక వీధికి ఒక పుస్తకం చాలు. మునిసిపల్ కమిషనర్ దగ్గరకు వెళ్ళేటప్పుడు కన్నీళ్ళ కంటే ఆ పుస్తకం ఎక్కువ పనిచేస్తుంది. విక్రయ కమిటీ లేనిచోట దాన్ని వేయమని అడగండి. ఉన్నచోట ఆ మూడో వంతు స్త్రీలెవరో, సమావేశాలకు వాళ్ళను పిలుస్తున్నారో లేదో చూడండి. సంతకం మాత్రం పెట్టించుకుని పంపుతున్నారేమో అడగండి.

ఒక వంట వారసత్వంగా నిలవాలంటే వండే మనిషి రేపు కూడా అదే వీధిలో నిలబడగలగాలి. ఆమె పెట్టింది తిని బాగుందని మెచ్చుకుని వచ్చేయడం పర్యాటకుల పని. ఆమె పేరు ధృవపత్రం మీద, ఆమె మాట కమిటీ మినిట్స్‌లో ఉండేలా చూడడం మన పని. వచ్చే సమావేశానికి ప్రతి పట్టణం నుంచి కనీసం ఒక వీధి పుస్తకమైనా రావాలని కోరుతూ ముగిస్తున్నాను.